తక్కువ ఖర్చు ఆన్‌లైన్ ప్రకటనల పరీక్ష: పాల్మాకుల పరిసరాల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం: వెబ్‌సైట్‌కు సందర్శకులను రప్పించడానికి చిన్న వ్యాపారులు స్వల్ప మొత్తంతో ఇచ్చే ప్రకటనలను పరీక్షించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. క్లిక్ చౌకగా దొరకడం, ప్రకటన చౌకగా ఫలించడం ఒకటి కాదని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఆన్‌లైన్ ప్రకటన, క్లిక్ ధర, వేలం, స్థల ఎంపిక, పాల్మాకుల.

1. ఉపోద్ఘాతం

రంగారెడ్డి జిల్లా శంషాబాద్ మండలంలోని పాల్మాకుల హైదరాబాద్-బెంగళూరు జాతీయ రహదారి మీది గ్రామం. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమయ్యాక ఈ ప్రాంత స్వరూపం మారింది. రోడ్డు పక్కన బోర్డు చూసి వచ్చే గిరాకీకి ఫోన్‌లో వెతికి వచ్చే గిరాకీ తోడైంది. బోర్డుకు ఒకసారి డబ్బు పెడితే సరిపోతుంది. ఆన్‌లైన్ ప్రకటనలో ప్రతి క్లిక్‌కూ డబ్బు పోతుంది. అందుచేత చిన్న వ్యాపారికి పరీక్ష విలాసం కాదు, పెట్టుబడికి రక్షణ.

2. క్లిక్‌కు ధర ఏర్పడిన తీరు

వెతుకులాట ఫలితాల్లో స్థానాన్ని వేలం వేసి, క్లిక్‌కు ఇంత అని వసూలు చేసే పద్ధతిని 1998లో గోటూ.కామ్ ప్రాచుర్యంలోకి తెచ్చింది. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్‌ను ప్రారంభించి, 2002లో క్లిక్ ఆధారిత వేలానికి మారింది. ఈ వేలంలో ఎక్కువ ధర పలికినవారే గెలవాలని లేదు. వెతికిన మాటకు ప్రకటన ఎంత సరిపోతుంది, క్లిక్ తరువాత తెరుచుకొనే పేజీ ఎంత ఉపయోగకరం అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. సరైన ప్రకటన రాసిన చిన్న వ్యాపారికి ఇదే అవకాశం. 2018లో గూగుల్ ప్రకటనల వ్యవస్థకు తెలుగు తోడవడంతో ఈ అవకాశం మరింత విస్తరించింది.

3. స్థల ఎంపికలోని చిక్కు

పాల్మాకుల చుట్టూ 15 కిలోమీటర్ల వృత్తం గీసి ప్రకటన ఇస్తే విమానాశ్రయం కూడా అందులోకి వస్తుంది. అక్కడ దిగి గంటలో వెళ్లిపోయే ప్రయాణికుడు కూడా స్థానికుడిగానే లెక్కకు రావచ్చు. పైగా గూగుల్ సహజ అమరికలో ఆ స్థలంలో ఉన్నవారితో పాటు ఆ స్థలంపై ఆసక్తి చూపినవారూ చేరుతారు. పంక్చర్ షాపుకు ఇది వృథా ఖర్చు. ఫంక్షన్ హాలుకు మాత్రం మేలు, ఎందుకంటే పెళ్లి పెద్దలు నగరంలోనో, విదేశంలోనో ఉండి వెతకవచ్చు. కాబట్టి అమరికను వ్యాపార స్వభావమే నిర్ణయించాలి.

ఊరి పేరు మరొక చిక్కు. పాల్మాకుల, పాలమాకుల అని రెండు విధాలుగా రాస్తారు. ఆంగ్ల లిపిలో ఇంకా భేదాలున్నాయి. ఈ రూపాలన్నిటినీ వెతుకులాట పదాల్లో చేర్చి, తెలుగు లిపిలో వెతికినవారిని, ఆంగ్ల లిపిలో వెతికినవారిని వేర్వేరుగా లెక్కించాలి.

4. పరీక్షా విధానం

ఒక ఫంక్షన్ హాలు యజమాని రోజుకు 150 రూపాయల చొప్పున 20 రోజులు, అంటే 3,000 రూపాయలు కేటాయించాడని ఊహిద్దాం. 18 శాతం జీఎస్టీ కలిపితే 3,540 అవుతుంది. గూగుల్ ఒక్కోరోజు నిర్ణీత మొత్తానికి రెట్టింపు వరకు ఖర్చు చేయవచ్చు కనుక ముగింపు తేదీ ముందే పెట్టుకోవాలి.

తరువాత ఫలితమంటే ఏమిటో నిర్వచించాలి. ఇక్కడ ఫలితం సందర్శన కాదు, తేదీ అడుగుతూ వచ్చే ఫోన్. ప్రతి ప్రకటన లంకెకు వేర్వేరు గుర్తులు జోడిస్తే ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలుస్తుంది. పోల్చే ప్రకటనలు ఒకే రోజుల్లో నడవాలి. ఒకటి ఆషాఢంలో, మరొకటి శ్రావణంలో నడిపితే తేలేది ముహూర్తాల బలం, ప్రకటన బలం కాదు.

5. ఫలితాల అన్వయం

పై ఊహలోనే సగం డబ్బు ఇతర సైట్లు, యాప్‌లలో కనిపించే బొమ్మల ప్రకటనకు వెళ్లిందనుకుందాం: క్లిక్ 1 రూపాయి, 1,500 క్లిక్‌లు, 1 ఫోన్. మిగతా సగం వెతుకులాట ప్రకటనకు: క్లిక్ 10 రూపాయలు, 150 క్లిక్‌లు, 6 ఫోన్‌లు. మొదటి దానిలో ఒక్కో ఫోన్‌కు 1,500 రూపాయలు, రెండవ దానిలో 250 రూపాయలు పడ్డాయి. పదిరెట్లు చౌకైన క్లిక్ ఆరురెట్లు ఖరీదైన ఫలితమైంది. ఆటల యాప్‌లలో వేలు పొరపాటున తగిలి వచ్చే క్లిక్‌లు ఇందుకు ఒక కారణం.

అయితే చిన్న సంఖ్యలు భ్రమ కూడా కలిగిస్తాయి. వెతుకులాట ప్రకటనలో రెండు శీర్షికలకు చెరి 75 క్లిక్‌లు వచ్చి, ఒకదానికి 2, మరొకదానికి 4 ఫోన్‌లు వస్తే రెండవది మేలని తేల్చలేం. అది యాదృచ్ఛికం కావచ్చు. అలాగే 100 క్లిక్‌లకు ఒక్క ఫోనూ రాకపోయినా, గణాంకశాస్త్రం ప్రకారం నిజమైన నిష్పత్తి దాదాపు 3 శాతం వరకు ఉండవచ్చు. స్వల్ప మొత్తంతో పెద్ద తేడాలనే పట్టుకోగలం. అందువల్ల మొదట ప్రకటన రకాన్ని, స్థలాన్ని పరీక్షించి, మాటల మార్పును తరువాతకు వదలాలి.

6. ముగింపు

తక్కువ ఖర్చు పరీక్ష విలువ అది రప్పించిన సందర్శకుల సంఖ్యలో లేదు, అది నివారించిన వృథాలో ఉంది. ఏది ఫలితమో ముందే నిర్ణయించుకొని, ఒకసారి ఒక్క అంశాన్నే మార్చి, ఫోన్‌కు పడిన ఖర్చును పుస్తకంలో రాసుకొనే వ్యాపారికి 3,000 రూపాయలు కూడా పాఠం నేర్పుతాయి. ఆ లెక్క లేకపోతే 30,000 పెట్టినా మిగిలేది క్లిక్‌ల సంఖ్యే.