పాత మోటారుబండి యేల వెనుకాడును?



పల్లెలో నొక పాత మోటారుబండి యున్నచో అది యొక యింటివారి సొత్తు మాత్రమే కాదు. నడిరేయి తేలు కుట్టినవానినో, నొప్పులు పడు స్త్రీనో పట్టణమునకు చేర్పవలసివచ్చి, 108 బండి యింకను దూరమున నున్న వేళ, ఊరివారి చూపు దానిమీదనే పడును. అట్టి బండి యెత్తు దారిలో నీళ్లు నమలసాగినచో నేమి చేయవలెను? నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. తర్కవ్యాకరణములు చదివి, బడిలో పాఠములు చెప్పి విరమించినవాడను. అయినను ఈ విషయమున ఆ తర్కమే నాకు తోడ్పడినది గనుక చెప్ప సాహసించుచున్నాను.

నా బండి అంబాసడరు. ఈ జాతి బండ్లు వంగదేశమునందలి ఉత్తరపారాలో 1958 మొదలు 2014 వరకు తయారైనవి. నాది నా చేతికి వచ్చునప్పటికే రెండు లక్షల కిలోమీటర్లు తిరిగియుండెను. దీనిలోని 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను ఆంగ్లేయులు కల్పించినది. ఆ వంశపు ఇంజనునే వారు 1955లో ఎం.జి.ఏ. యను వేగపుబండికిని అమర్చిరి. ఈ మాట విని నా మేనల్లుడు, "అయితే మామా, మన బండి పందెపు గుఱ్ఱానికి దాయాది!" అని నవ్వెను. దాయాదియే కాని, ముసలి దాయాది.

ఒక వేసవిలో కడప ఆసుపత్రినుండి నా కుమార్తెను, పదిదినముల పసిబిడ్డను ఇంటికి తోడ్కొని వచ్చుచుంటిని. గువ్వలచెరువు కనుమ సగమెక్కినంతట బండి యూపిరి బిగబట్టినట్లాయెను. ఆక్సిలరేటరు త్రొక్కినకొలది ముందుకు దుముకుటకు మారుగా క్రుంగుచుండెను. వెనుక సరకుతో నిండిన లారీ హారను మ్రోగించుచుండెను. నా కుమార్తె నోట మాటలేక బిడ్డను ఎదకు హత్తుకొనెను. ఎట్లో యొక ప్రక్కకు చేర్చి, ఇంజను ఆపిన మరల కదలదేమో యను భయమున ఆపకయే, పెట్రోలు పంపుమీద తడిగుడ్డ పఱచితిని. అయిదారు నిమిషములకు బండి తేరుకొని కనుమ యెక్కినది.

తడిగుడ్డ వైద్యము మన సీమలో అందరెఱిగినదే. వేసవియెండకు, ఇంజను వేడికి పంపులోని పెట్రోలు ఆవిరియై, ఆ ఆవిరి ప్రవాహమునకు అడ్డుపడును. చల్లబఱచిన నది తొలగును. కావున రోగము వేడియే యని నమ్మితిని. మేస్త్రి నమ్మలేదు. అతడు ప్లగ్గులు మార్చెను, పాయింట్లు మార్చెను, కాయిలు మార్చెను, కార్బ్యురేటరు విప్పి కడిగెను. పదునాలుగు వేల రూపాయలు వ్యయమైనవి. మైదానమున బండి చక్కగనే నడచెను. మరల కనుమ యెక్కగా మరల అదే తంతు. తుద కతడు, "అయ్యోరా, ఇంగ దీన్ని తూకానికేసేయండి" అనెను.

అప్పుడు నాకు చదివిన చదువు జ్ఞప్తికి వచ్చినది. ఒకటి యున్నప్పుడు మఱియొకటి యుండుట అన్వయము; అది లేనప్పుడు ఇదియు లేకుండుట వ్యతిరేకము. ఈ రెండును కుదిరిననే కారణమని చెప్పదగును. నేను అన్వయమును మాత్రమే చూచి వ్యతిరేకమును విడిచితిని. మేస్త్రి రెంటిని విడిచి వస్తువులను మార్చెను.

బండి యేల వెనుకాడునో తెలియుటకు ముందు, అది యెప్పుడు వెనుకాడునో అడుగవలెను. ఇంజనునకు కావలసినవి మూడు: గాలిలో తగుపాలున కలిసిన పెట్రోలు, వేళకు పడు నిప్పురవ్వ, సిలిండరులో బిగువు. తూకమున ఒకపాలు పెట్రోలునకు ఇంచుమించు 14.7 పాళ్ల గాలి కావలెను. కాలు మోపినంతనే గాలి తేలికయైనది కనుక ముందు పరుగెత్తును. పెట్రోలు బరువైనది కనుక వెనుకబడును. ఆ లోటు తీర్చుటకై నా బండిలోనున్న సోలెక్సు కార్బ్యురేటరులో నొక చిన్న పంపు కలదు. త్రొక్కినపుడెల్ల అది సన్నని ధార చిమ్మును. కాబట్టి త్రొక్కిన క్షణమున మాత్రమే తడబడి, పిమ్మట సాఫీగా సాగినచో మొదట ఆ చిన్నపంపును అనుమానింపవలెను. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, గాలిజల్లెడ తీసి, ఒకరు ఆక్సిలరేటరు త్రొక్కుచుండగా మఱియొకరు కార్బ్యురేటరు నోట చూచినచో ధార పడునదియు లేనిదియు తెలియును. చూచువాని నోట బీడీ యుండరాదు. నవ్వవలదు, ఉండినవారిని నేను చూచితిని.

త్రొక్కిన క్షణమున కాక, బరువు మోయుచు ఎత్తెక్కునప్పుడు వెనుకాడిన అది వేఱు కథ. అప్పుడు దోషము నిప్పుదైనను కావచ్చును, పెట్రోలుదైనను కావచ్చును. ఆక్సిలరేటరు నిండుగా త్రొక్కినప్పుడు సిలిండరులో ఒత్తిడి హెచ్చును. ఆ ఒత్తిడిలో నిప్పురవ్వ దుముకుట కష్టము. కాన బలహీనమైన కాయిలు మైదానమున దాగి, కనుమలో బయటపడును. ఈ రెంటిని గుర్తించుట కొక ఆనవాలు కలదు. పెట్రోలు చాలని ఇంజను చమురు తఱిగిన దీపమువలె మెల్లగా క్రుంగును. నిప్పు తప్పిన ఇంజను గాలికి రెపరెపలాడు దీపమువలె తటాలున తెగి తటాలున వెలుగును. చీకటిరాత్రి బానెట్టు తెఱచి, చేయి దూరముగనుంచి చూచినచో, చిట్లిన తీగలమీద నిప్పురవ్వలు ప్రాకుట కంటికే కనబడును. పాయింట్ల సందు, అంగుళమును వేయి భాగములు చేయగా, నందు 15 భాగములుండవలెను. బిగువు తగ్గిన ఇంజను సంగతి వేఱు: వార్ధక్యపు బలహీనత యెల్లవేళల నుండును, ఒకనాడు వచ్చి ఒకనాడు పోదు. గాలిజల్లెడయు చూడవలసినదే. నంద్యాల, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి దుమ్ములోను, కడపబండల గనుల దాపునను తిరుగు బండ్లకు అది త్వరగా పూడిపోవును.

నా బండి మెల్లగా క్రుంగెడిదే కాని తటాలున తెగెడిది కాదు. కాన దోషము పెట్రోలునందే యని నిశ్చయించితిని. ఇక వేడి సంగతి తేల్చవలెను. రెండవమాఱు కనుమలో అది వెనుకాడినప్పుడు తడిగుడ్డ వేయక, ఇంజనును ఊరక తిరుగనిచ్చి అయిదు నిమిషములు కూర్చుంటిని. అప్పుడును తేరుకొనెను! మార్గశిరమాసపు చలిలో తెల్లవారుజామున ఎక్కించితిని, అప్పుడును వెనుకాడెను. వేడి లేకయు రోగము కలిగినది, తడిగుడ్డ లేకయు నయమైనది. అనగా నాడు పనిచేసినది తడిగుడ్డ కాదు, విశ్రాంతి. ఊరక తిరుగు ఇంజను తాగునది కొంచెము; పంపు ఎంత మందముగా తోడినను కార్బ్యురేటరులోని చిన్నతొట్టి ఆ వ్యవధిలో నిండును. ఎత్తెక్కునప్పుడు త్రాగుడు హెచ్చి తొట్టి యడుగంటును.

అయితే పంపు ఏల మందగించెను? మేస్త్రి పంపునకు ముందు ప్లాస్టికు జల్లెడ నొకదానిని తగిలించియుండెను. దాని లోపలిది బయటికి కనబడును. చల్లని ఉదయమున ఇంజను జోరుగా త్రిప్పించి చూడగా, జల్లెడలో పెట్రోలుతోపాటు బుడగలు వరుసగా వచ్చుచుండెను. వేడి లేదు గనుక అది ఆవిరి కాదు, బయటి గాలియే. పెట్రోలు టాంకినుండి వచ్చు లోహపు గొట్టమును జల్లెడతో కలుపు జానెడు రబ్బరుగొట్టము చివర నెఱియలు విచ్చియుండెను. అందుండి ఒక్క బొట్టైనను కారలేదు. కారినచో అందఱును చూచియుందురు. పంపు పీల్చునప్పుడు ఆ గొట్టము పెట్రోలును వెలికి విడువదు, గాలిని లోనికి పీల్చును. చీలిన కుల్లాయిగొట్టముతో కొబ్బరినీరు పీల్చిచూచిన బాలురకు ఈ సంగతి తెలియును.

పాతబండ్ల రబ్బరు విషయమున మఱియొక జాగ్రత్త అవసరము. 2023 ఫిబ్రవరినుండి మన దేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మబడుచు, 2025 నాటికి అదియే దేశమంతట వ్యాపించెను. పూర్వకాలపు రబ్బరు దానికి ఓర్చునట్లు చేసినది కాదు. అదియునుగాక ఇథనాలు మండుటకు తొమ్మిది పాళ్ల గాలియే చాలును. శుద్ధ పెట్రోలునకు కొలిచిన పాత కార్బ్యురేటరులో ఈ క్రొత్త మిశ్రమము కొంత పలుచబడి, కొద్దిపాటి తడబాటును హెచ్చించును. ఇథనాలు తేమను పీల్చుకొనును గనుక బండిని నెలలతరబడి కదల్పక నిలుపుట మంచిది కాదు. క్రొత్తగొట్టము కొనునప్పుడు ఇథనాలుకు ఓర్చునట్టిదే అడిగి తీసికొనవలెను. నీళ్లపైపు ముక్క తగిలించుట ప్రమాదకరము.

నేను కొన్న గొట్టమునకు, రెండు క్లిప్పులకు కలిపి రెండువందల రూపాయలైనను కాలేదు. మేస్త్రియే వచ్చి బిగించి, కూలి పుచ్చుకొననని మొండికెత్తెను. మఱుసటి వైశాఖమున, మిట్టమధ్యాహ్నమున, నా కుమార్తెను, నడకలు నేర్చుచున్న మనుమరాలిని ఎక్కించుకొని అదే కనుమ యెక్కితిని. నీళ్లచెంబు, గుడ్డ ప్రక్కన పెట్టుకొనియే యుంటిని. గువ్వలచెరువులో పాలకోవా కొనుటకు తప్ప బండి నెక్కడను ఆపలేదు.