స్టైల్ కావాలా? ముందు సందు కొలవండి!

ముచ్చటపడి రోడ్ బైక్ కొన్నారు. మోటార్ బండి కాదండోయ్... సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉండే సైకిల్! ఎండాకాలమంతా దర్జాగా తొక్కారు. జూన్‌లో మొదటి వాన పడింది. ఆఫీసుకెళ్లి అద్దంలో చూసుకుంటే నడుం నుంచి మెడదాకా చొక్కా మీద ఒకటే బురద గీత. అదే రోజు ఇంటర్వ్యూనో, క్లయింట్‌తో మీటింగో ఉంటే? చాలామంది ఆ దెబ్బతో సైకిల్‌ని బాల్కనీలోకి ఎక్కించేస్తారు. మళ్లీ దసరా దాకా దాని మొహం చూడరు.

మడ్‌గార్డ్ పెట్టుకోవచ్చుగా అంటే, ‘తాతయ్య సైకిల్‌లా కనిపిస్తుంది’ అంటారు. ఆ భయం అక్కర్లేదు. టైరు వంపుని అనుసరిస్తూ, అంతటా ఒకే సందుతో కుదిరిన గార్డు బండికి అందమే తెస్తుంది. పక్కకు ఒరిగి, లటలటా కొట్టుకునే గార్డే చూపు చెడగొడుతుంది. పైగా అది ముందు చక్రంలో ఇరుక్కుంటే మీరు రోడ్డు మీద పడతారు. అందుకే కొలతలు ముందు, రంగు ఆఖర్న.

నీళ్లు కింది నుంచీ వస్తాయి

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కి సోలార్ పలకల పైకప్పు ఉంది. అక్కడ వాన నెత్తిన పడదు. కానీ అక్కడిదాకా వెళ్లాల్సింది మామూలు రోడ్ల మీదేగా! వాన వెలిశాక కూడా రోడ్డు తడిగానే ఉంటుంది. వెనక చక్రం ఆ నీటిని వీపు మీదికి చిమ్ముతుంది. ముందు చక్రం బూట్ల మీదికి, పెడళ్ల దగ్గరున్న బేరింగుల మీదికి, చైను మీదికి కొడుతుంది. ఆ నీళ్లలోని ఇసుకే చైనుని తొందరగా అరగదీస్తుంది. అంటే మడ్‌గార్డ్ చొక్కాతో పాటు జేబునీ కాపాడుతుందన్నమాట.

షాపుకెళ్లే ముందు నాలుగు సంగతులు

1. టైరు వెడల్పు: టైరు పక్కన 700×25, 700×28 లాంటి అంకెలుంటాయి. రెండో అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. గార్డు దానికంటే కనీసం 7 నుంచి 10 మి.మీ. వెడల్పుగా ఉండాలి. 28 టైరుకు 35 మి.మీ. గార్డు చక్కగా సరిపోతుంది. అంతకంటే బాగా వెడల్పైనది పెడితే సన్నటి బండికి గొడుగు పట్టినట్టుంటుంది.

2. బ్రేకు కింది సందు: టైరు పైభాగానికీ, బ్రేకుకీ మధ్య 6 మి.మీ. అలెన్ కీ దూర్చి చూడండి. దూరకపోతే ఫుల్ గార్డు ఆశ వదులుకోండి. వెనక చక్రం దగ్గర, ముందు ఫోర్క్ కింద రెండుచోట్లా చూడాలి. డిస్క్ బ్రేకు బండ్లలో సాధారణంగా ఇక్కడ చోటు కాస్త ఎక్కువే ఉంటుంది.

3. బోల్టు రంధ్రాలు: ఇరుసు దగ్గర, ఫోర్క్ చివర చిన్న మరల రంధ్రాలున్నాయా? ఉంటే గార్డు కడ్డీలు నేరుగా బిగించొచ్చు. లేకపోతే స్టీలు, అల్యూమినియం ఫ్రేములకు రబ్బరు తొడిగిన క్లాంపులు వాడొచ్చు. కార్బన్ ఫ్రేముకి, ఫోర్క్‌కి మాత్రం ఎవరు చెప్పినా డ్రిల్లింగ్ చేయించొద్దు.

4. కాలివేళ్లు: పెడల్‌ని ముందువైపు అడ్డంగా నిలిపి, హ్యాండిల్ తిప్పండి. బూటు కొన టైరుకి దగ్గరగా వస్తోందా? గార్డు పెడితే ఇంకా దగ్గరవుతుంది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు తగిలి పడిపోయేది ఇలాగే. చిన్న సైజు ఫ్రేము వాడేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

మీకు ఏది నప్పుతుంది?

రోజూ కాలేజీకో ఆఫీసుకో తొక్కేవాళ్లకు ఫుల్ గార్డే మేలు. చక్రాన్ని పూర్తిగా చుట్టి ఉంటుంది కాబట్టి చూడటానికీ నిండుగా ఉంటుంది. రంధ్రాలూ, చోటూ లేని రేసింగ్ బండికైతే రబ్బరు పట్టీలతో బిగించే క్లిప్ గార్డులున్నాయి. ఎండ కాస్తే నిమిషాల్లో తీసేయొచ్చు. ఇక సీటు కింద దూర్చే చిన్న ప్లాస్టిక్ పలక బండి రూపాన్ని అసలు మార్చదు. కానీ అది కాపాడేది మీ వెనక భాగాన్నే. బూట్లకూ చైనుకూ దానితో లాభం లేదు.

ప్లాస్టిక్ గార్డు తేలిక, తుప్పు పట్టదు. అల్యూమినియంది మెరుపుతో క్లాసిక్ లుక్ ఇస్తుంది. జపాన్ కంపెనీ హోంజో చేసే, సుత్తి గుర్తులున్న గార్డులకు ప్రపంచమంతా అభిమానులున్నారు. చెక్కవీ దొరుకుతాయి. అందంలో వాటిదే పైచేయి, కానీ మన వానలకు వార్నిష్ మీద ఓ కన్నేసి ఉంచాలి.

రంగు విషయానికొస్తే, ఫ్రేము రంగుకి అచ్చంగా సరిపోయేది దొరకడం కష్టం. కొంచెం తేడా వచ్చినా అతుకులా కనిపిస్తుంది. నల్ల టైర్లకు నల్ల గార్డు, వెండిరంగు రిమ్ములకు సిల్వర్ గార్డు... ఈ రెండూ ఎప్పుడూ బాగుంటాయి. నిగనిగలాడే నలుపు మీద ఎండిన బురద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తుడిచే ఓపిక లేకపోతే మ్యాట్ తీసుకోండి.

బిగింపులోనే ఉంది అసలు అందం

గార్డుకీ టైరుకీ మధ్య కనీసం 6 మి.మీ. వదలండి. 10 ఉంటే ఇంకా మంచిది. నల్లరేగడి దారుల్లో తిరిగేవాళ్లకు ఇదీ చాలదు. ఆ మట్టి ముద్దలా పేరుకుని చక్రాన్నే పట్టేస్తుంది. అలాంటి చోట్ల వానాకాలంలో క్లిప్ గార్డు తీసేయడమో, తారురోడ్డు వదలకుండా వెళ్లడమో ఉత్తమం.

ముందు గార్డు కడ్డీలకు, పుల్లలాంటిదేదైనా ఇరుక్కుంటే వాటంతటవే ఊడిపోయే సేఫ్టీ క్లిప్పులున్న రకమే కొనండి. ధర కొంచెం ఎక్కువైనా వెనకాడొద్దు. మిగిలిన కడ్డీ కొసలు కోయించి, రబ్బరు టోపీలు తొడిగించండి. బోల్టులకు వాషర్లు వేయించండి. మొదటి వారం తొక్కాక అన్నీ మరోసారి బిగించండి. ఎంత ఖరీదైన గార్డయినా గతుకుల్లో గలగలమంటే స్టైలంతా పోయినట్టే.

చివరగా ఓ మాట. మీ వెనక తొక్కుతూ వచ్చే స్నేహితుడి మొహం మీద పడేది మీ చక్రం చిమ్మిన నీరే. వెనక గార్డు చివర చిన్న రబ్బరు ఫ్లాప్ తగిలిస్తే అతనికీ ఊరట. దాని పైన ఓ ఎర్ర రిఫ్లెక్టర్ అతికిస్తే మబ్బు పట్టిన సాయంత్రాల్లో లారీ డ్రైవరుకు మీరు దూరం నుంచే కనబడతారు. ఈ ఆదివారం అలెన్ కీ, స్కేలు తీసుకుని బండి పక్కన కూర్చోండి. పది నిమిషాల పని. అంకెలు రాసుకున్నాకే షాపుకి బయల్దేరండి.