కల్లూరు పిల్లల సముద్రం

వేసవి సెలవులొస్తే కోస్తా పిల్లలకు సముద్రం ఉంది. మరి కల్లూరు పిల్లలకో? హంద్రీ ఇసుక, కేసీ కెనాల్... అవే మా సముద్రం!

ఎండాకాలంలో హంద్రీలో నీళ్లు కనపడేవి కావు. ఇసుకలో చెలమ తవ్వితే అడుగున చల్లగా ఊరేవి. మొదట వచ్చే మురికినీళ్లు తోడేసి, తేటపడేదాకా చుట్టూ కూర్చునేవాళ్లం. దోసిలితో తాగాక చీకటి పడేదాకా ఆటలే. ఇక, కాలువకు నీళ్లు వదిలారని తెలిస్తే కాలు ఇంట్లో నిలిచేది కాదు. ఈత నేర్చుకున్నది అక్కడే. ఇంట్లో దెబ్బలు తిన్నదీ అందుకే!

అదే కాలువలో ఒకప్పుడు పడవలు తిరిగేవని అప్పట్లో మాకు తెలియదు. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి, కడపదాకా 300 కిలోమీటర్లకు పైగా తవ్వించింది. సేద్యంతోపాటు సరుకుల రవాణాకూ పనికొస్తుందని ఆశ. లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. పోనుపోను పడవలు పోయాయి, సాగునీరు మిగిలింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి కర్నూలును ముంచెత్తాయి. చెలమ తవ్వితేగానీ గుక్కెడు నీళ్లివ్వని ఏరు ఇళ్లలోకి వచ్చేసింది. ఏరు ఎండినా దాని దారి దానిదేనని ఆరోజు అందరికీ తెలిసొచ్చింది.

ఈసారి పిల్లల్ని గట్టుమీదికి తీసుకెళ్తే పడవల కథ చెప్పండి. ఆ వరద కథ కూడా!