అదను, పదను, వసంత గోధుమ

మన రైతులు అదను, పదను అనే రెండు మాటలను జంటగా వాడుతూ వుంటారు. అదను అంటే తగిన కాలం. పదను అంటే నేలలో తగినంత తడి. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఇటువంటి జంట పదాలంటే ముచ్చట. అయితే వీటి నిండు అర్థం నాకు బోధపడింది నిఘంటువులో కాదు, కెనడా పడమటి మైదానాలలో గోధుమ పండించే రైతుల చరిత్ర చదివినప్పుడు!

అక్కడ ముఖ్యంగా పండేది వసంత గోధుమ. చలిదేశాలలో శరత్తులో విత్తి, చలికాలమంతా మంచు కింద నిద్రపుచ్చి, మరుసటి వేసవిలో కోసే గోధుమ వేరే వున్నది. వసంత గోధుమకు ఆ నిద్రతో పని లేదు. ఏప్రిల్ చివరనో, మే నెలలోనో విత్తితే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కోతకు వస్తుంది. ఉత్తర హిందూస్థానంలో పండే గోధుమ కూడ జాతిచేత వసంత గోధుమే. మన చలికాలమే దానికి వసంతమంత వెచ్చగా వుంటుంది గనుక కార్తీకంలో విత్తుతారు.

సస్కాచెవాన్ వంటి రాష్ట్రంలో మంచుదెబ్బ తగలని రోజులు ఏడాదికి రమారమి నూరు. గింజ గట్టిపడక ముందే ఒక్క రాత్రి మంచు కాటు వేసిందా, గింజ ముడతలు పడుతుంది, గ్రేడు తగ్గుతుంది, ధర పడిపోతుంది. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో నీరుగారిపోతుందన్నమాట.

పందొమ్మిదో శతాబ్దిలో అక్కడి రైతులకు ఆధారం ‘రెడ్ ఫైఫ్’ అనే గోధుమ. స్కాట్లండు నుంచి మిత్రుడు పంపిన గింజలతో డేవిడ్ ఫైఫ్ అనే రైతు ఒంటారియోలో దాన్ని పెంచాడు. పిండి శ్రేష్ఠమే, కాని పంట ఆలస్యం. 1886లో కెనడా ప్రభుత్వం ప్రయోగ క్షేత్రాలు నెలకొల్పి, విలియం సాండర్స్‌ను అధిపతిగా నియమించింది. త్వరగా పండే వంగడాల కోసం ఆయన దేశదేశాల గోధుమలు తెప్పించాడు. చిత్రమేమిటంటే, వాటిలో ఒకటి మన దేశానిదే! కలకత్తా రేవు నుంచి ఎగుమతి అయ్యేది గనుక దానికి ‘హార్డ్ రెడ్ కలకత్తా’ అని పేరు. 1892లో దీనికీ, రెడ్ ఫైఫ్‌కూ సంకరం జరిగింది.

ఆ సంతతిలో మేలైనదాన్ని ఏరింది ఆయన కుమారుడు చార్లెస్ సాండర్స్. 1903లో ధాన్య పరిశోధన బాధ్యత స్వీకరించిన ఈయన, వెన్నులను విడివిడిగా తీసి, గింజలను నోట వేసుకుని నమిలి చూసేవాడు. నమిలిన ముద్ద బంకలా సాగితే రొట్టె బాగా పొంగుతుంది. అలా తేలిన ‘మార్క్విస్’ గోధుమను 1909లో రైతులకు పంచారు. రెడ్ ఫైఫ్ కంటె అది రమారమి వారం ముందు పండేది. వారమే కదా అనుకోకండి! మంచుకూ పంటకూ మధ్య జరిగే పందెంలో గెలుపు ఓటములు ఆ వారంలోనే వున్నాయి. రోస్తర్న్ రైతు సీగర్ వీలర్ 1911లో న్యూయార్కు ప్రదర్శనలో ఈ గోధుమతోనే వెయ్యి డాలర్ల బంగారు బహుమతి గెలిచాడు. చార్లెస్ మాత్రం 1922లో ఉద్యోగం విడిచి, పారిస్ వెళ్ళి ఫ్రెంచి సాహిత్యం చదువుకున్నాడు. ఈ సంగతి చదివినప్పుడు ఆయన మీద నాకు మరింత అభిమానం కలిగింది.

అదను చిక్కింది సరే, పదను మాటో? తడి నిలుస్తుందని రైతులు పొలాన్ని ఏడాది విడిచి ఏడాది బీడు పెట్టి, కలుపు మొలవకుండా పదేపదే దున్నేవారు. 1930 తర్వాత వరసగా కరువులు వచ్చేసరికి, ఆ పొడి మన్ను గాలికి లేచి ఆకాశాన్ని కప్పేసింది. అంతకుముందే, 1916లో, కుంకుమ తెగులు మార్క్విస్ పంటను చావుదెబ్బ తీసింది. 1935లో మళ్ళీ ఆ తెగులు విజృంభించింది. దాన్ని తట్టుకునే ‘థాచర్’ రకం ఆ రోజుల్లోనే రైతుల చేతికి వచ్చింది. దాని పూర్వీకులలో మార్క్విస్ కూడ ఒకటి.

నేడు అక్కడ చాలామంది రైతులు దుక్కి మానేసి, పాత పంట కొయ్యకాళ్ళ మధ్యనే విత్తుతున్నారు. ఆ కొయ్యకాళ్ళు చలికాలపు మంచును పట్టి వుంచుతాయి. అది కరిగితే అదే పదను. చదరపు మీటరుకు 250 నుంచి 300 మొక్కలు నిలిచేలా లెక్క చూసి విత్తుతారు. మొక్కలు పలచబడితే పిలకలు ఎక్కువై, పంట ఒక్కసారిగా పండదు. మళ్ళీ మంచు భయమే! నత్రజని చాలకపోతే గింజలో మాంసకృత్తులు తగ్గి ధర రాదు. మితిమీరితే పైరు పడిపోతుంది, ఎరువు ఖర్చు మీద పడుతుంది. బస్తాలు లెక్కపెట్టుకుంటే చాలదు, గింజ గుణమూ, పెట్టిన ఖర్చూ చూసుకోవాలి.

గోధుమ మీద గోధుమ వేయడం కూడ నష్టమే. తెగుళ్ళు నేలలోనూ, చెత్తలోనూ పొంచి వుంటాయి. అందుకని మధ్యలో కనోలా, బఠాణీ, మసూరు వేస్తారు. బఠాణీ, మసూరు పైర్లు గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెలలో కూర్చి, తర్వాత వేసే గోధుమకు ఎరువు ఖర్చు తగ్గిస్తాయి. ఆ మసూరు పప్పు ఓడలెక్కి మన దేశానికీ వస్తుంది. మన అంగళ్ళలో ఎర్రపప్పు అనీ, మైసూరు పప్పు అనీ అమ్మేది అదే. ఒకనాడు కలకత్తా గింజ వారి పొలాన్ని నిలబెట్టింది. ఈనాడు వారి గోధుమ చేను బాగుకోసం వేసిన పప్పు మన పొయ్యి మీద ఉడుకుతున్నది!