కమ్యూనిటీ పోలీసింగ్ అంటే తెల్లారుజాము సోదాలేనా? పోలీసులకు ఏం నేర్పాలి, మనం ఏం అడగాలి

మన బస్తీల్లో 'కమ్యూనిటీ' అనే మాట పోలీసుల నోట ఎక్కువగా వినిపించేది తెల్లారుజామునే. ఫజర్ నమాజ్ టైముకు జీపులు వస్తాయి. గల్లీకి రెండు దిక్కులా పోలీసులు నిలబడతారు. ఇల్లిల్లూ తిరిగి ఆధార్ కార్డులు చూస్తారు, బండ్ల కాయితాలు అడుగుతారు, కాయితాలు లేని బైకులను పక్కన పెడతారు. ఆఖరుకు జనాన్ని ఒక దగ్గర జమ చేసి గంజాయి, సైబర్ మోసాలు, సీసీ కెమెరాల గురించి నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోతారు. మొదట్లో దీన్ని కార్డన్ సెర్చ్ అన్నారు. తర్వాత 'కమ్యూనిటీ కాంటాక్ట్ ప్రోగ్రామ్' అని పేరు పెట్టారు. ఈ పద్ధతి మీద హక్కుల కోసం పనిచేసేవాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు.

అందుకే మనవాళ్లలో చాలామందికి కమ్యూనిటీ పోలీసింగ్ అంటే సోదా అనే అర్థమే మిగిలింది. అసలు అర్థం అది కాదు. పోలీసులకు ఇచ్చే శిక్షణలో ఈ మాటకు వేరే అర్థం ఉంది. ఆ అర్థం మనకు తెలిస్తేనే ఠాణాలో దేన్ని అడగాలో, దేనికి తల ఊపొద్దో తెలుస్తుంది.

ఈ ఆలోచన ఎక్కడిది?

1829లో లండన్‌లో రాబర్ట్ పీల్ కొత్త పోలీసు దళం పెట్టినప్పుడు ముందుకొచ్చిన ఆలోచన ఇది: పోలీసు బలం లాఠీలో లేదు, జనం ఒప్పుకోవడంలో ఉంది. నేరం జరిగినంక పట్టుకోవడం కన్నా జరగకుండా చూడటమే గొప్ప. కానీ అదే ఇంగ్లీషోళ్లు మన దేశానికి 1861లో తెచ్చిన పోలీసు చట్టం వేరే రకం. 1857 తిరుగుబాటు తర్వాత వచ్చిన చట్టం కాబట్టి, జనాన్ని అదుపులో పెట్టడమే దాని మొదటి పని అయింది.

మన దిక్కు అప్పుడు నిజాం రాజ్యం. కొత్వాల్, అమీన్ అనే మాటలు ఆ కాలంవే. పాత తరం వాళ్లు ఎస్‌ఐని 'అమీన్ సాబ్' అనడం ఇప్పటికీ వింటాం. 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్‌గా చేసిన రాజా బహదూర్ వెంకటరామ రెడ్డి పేరే ఇప్పటి తెలంగాణ పోలీసు అకాడమీకి ఉంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2000 సంవత్సరంలో 'మైత్రి' పేరుతో కమ్యూనిటీ పోలీసింగ్ మొదలైంది. ఊరి మనుషులతో, ఆడవాళ్లతో కమిటీలు వేసి సమస్యలు వినాలన్నది దాని ఉద్దేశం. తెలంగాణ వచ్చినంక 'ఫ్రెండ్లీ పోలీసింగ్' అన్నారు. 2014 అక్టోబర్‌లో షీ టీమ్స్ వచ్చాయి. కెమెరాలకు జనమే చందా వేసుకునే 'నేను సైతం' వచ్చింది. చాలా ఊళ్లకు ఒక్కో కానిస్టేబుల్‌ను విలేజ్ పోలీస్ ఆఫీసర్‌గా పెట్టి, పేరూ ఫోన్ నంబరూ గోడ మీద రాయించారు. పేర్లు చాలానే మారాయి. పని ఎంత మారిందో చూడాలంటే శిక్షణ దగ్గరికి పోవాలి.

శిక్షణలో ఏం నేర్పాలి?

మన రాష్ట్రంలో కొత్త కానిస్టేబుల్‌కు సుమారు తొమ్మిది నెలలు, ఎస్‌ఐకి ఏడాది శిక్షణ. వరంగల్ దిక్కు అయితే మామునూరులో పోలీసు శిక్షణ కాలేజీ ఉంది. పరేడ్, ఆయుధాలు, చట్టాలు, కేసు రాయడం, వీటితో పాటు మానవ హక్కులు, జనంతో మాట తీరు కూడా చెప్తారు. ఈ ఆఖరి రెండూ పరీక్ష రాసి మరిచిపోయే పాఠాలుగా మిగిలితే కమ్యూనిటీ పోలీసింగ్ పుస్తకంలోనే ఉండిపోతుంది.

ప్రపంచంలో ఇది బాగా నడిచిన చోట్ల నేర్పేది మూడు పనులు.

మొదటిది వినడం. ఠాణాకు వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మధ్యలో అడ్డు తగలకుండా, చెప్పింది రాసుకోవడం. వినడానికి చిన్న పనే. కానీ ఎప్పుడూ ఠాణా గడప ఎక్కని అమ్మీకి, తెలుగు తడబడే దాదాకు అదే పెద్ద పని.

రెండోది తన ఏరియా తెలుసుకోవడం. ఎవరు ఎక్కడుంటారు, ఏ పండుగకు ఏ తొవ్వలో జులూస్ పోతుంది, ఊళ్లో మాట చెల్లే పెద్దలు ఎవరు అన్నది కానిస్టేబుల్‌కు గొడవ రాకముందే తెలియాలి. ముహర్రంలో మన ఊళ్లల్లో పీరీలు ఎత్తేటప్పుడు హిందువులు, ముస్లింలు కలిసే నడుస్తారు. ఈ సంగతి తెలిసిన పోలీసు చేసే బందోబస్తు వేరు, తెలియని పోలీసు చేసేది వేరు.

మూడోది సమస్యను మూలం దాకా చూడటం. అమెరికాలో హెర్మన్ గోల్డ్‌స్టీన్ అనే ప్రొఫెసర్ 1979లో ఒక మాట ముందుకు తెచ్చారు: పోలీసులు కేసుల వెంట ఒక్కొక్కటిగా ఉరకడం కన్నా, ఆ కేసులు పుట్టే సమస్యను పట్టుకోవాలి. దాని నుంచి నాలుగు మెట్ల పద్ధతి వచ్చింది. మళ్లీ మళ్లీ జరిగేదేంటో గుర్తించాలి, ఎందుకు జరుగుతుందో ఆరా తీయాలి, ఏదో ఒకటి చేసి చూడాలి, ఫలితం వచ్చిందా లేదా లెక్క తీయాలి.

ఒక ఊహ చేద్దాం. జనగామ జిల్లా చిల్పూర్ మండలంలో రైతుల బావుల దగ్గర మోటార్ల కేబుల్ వైరు పోతుందనుకోండి. పాత పద్ధతిలో అయితే ఒక్కో కేసు రాస్తారు, పాత నేరస్తులను పిలుస్తారు, అనుమానం ఉన్న పిల్లలను తెస్తారు. ఇనుప సామాను దుకాణం నడిపేది మనవాడైతే మొదటి అనుమానం అతని మీదికే పోవచ్చు. కొత్త పద్ధతిలో పోలీసు ముందు రైతులతో కూర్చుంటాడు. ఏ రోజుల్లో పోతుంది? కరెంటు లేని రాత్రుల్లోనా? ఆ రాగి ఎక్కడ అమ్ముడుపోతుంది? పాత సామాను దుకాణాల వాళ్లందరితో మాట్లాడి, కొన్న ప్రతి సరుకుకూ రిజిస్టర్ రాయించుకుంటాడు. అప్పుడు దుకాణదారు అనుమానితుడిగా కాకుండా సాయం చేసే మనిషిగా నిలబడతాడు.

భివండి, కేరళ చెప్పే పాఠం

మన వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి ఎన్నో నేత కుటుంబాలు బతుకుదెరువుకు పోయిన భివండి సంగతి చూడండి. మహారాష్ట్రలోని ఆ పవర్‌లూమ్ పట్నంలో 1970లో, 1984లో భారీ మతకలహాలు జరిగాయి. 1988 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే ప్రతి మొహల్లాలో హిందువులు, ముస్లింలు కలిసి ఉండే కమిటీలు వేయించారు. పెద్ద నాయకులను కాకుండా రోజూ పని చేసుకుని బతికే మామూలు మనుషులను అందులోకి తీసుకున్నారు. కింది స్థాయి పోలీసులే ఆ మీటింగులు నడిపారు. 1992-93లో పక్కనే ముంబై తగలబడుతుంటే భివండి ప్రశాంతంగా ఉంది.

కేరళలో 2008 మార్చిలో 'జనమైత్రి' 20 ఠాణాల్లో మొదలైంది. సుమారు 500 ఇళ్లకు ఒక బీట్ ఆఫీసర్. ఆయన ఇల్లిల్లూ తిరగాలి, కానీ కాయితాలు తనిఖీ చేయడానికి కాదు, పరిచయం కోసం. అమెరికాలోని చికాగోలో ఇంకో మెట్టు ఎక్కారు. 1990ల్లో అక్కడ పోలీసులను, బస్తీ జనాన్ని ఒకే గదిలో కూర్చోబెట్టి కలిపి శిక్షణ ఇచ్చారు. పోలీసుకు ఒక్కడికే నేర్పితే చాలదని వాళ్లకు అర్థమైంది.

మనకు ఇది ఎందుకు ముఖ్యం?

2023 ఫిబ్రవరిలో మెదక్‌లో ఏం జరిగిందో మన ఇళ్లల్లో ఎవరూ మరిచిపోలేదు. చైన్ దొంగతనం అనుమానంతో పోలీసులు తీసుకెళ్లిన ఒక ముస్లిం కూలీ, ఠాణాలో కొట్టారని చెప్పి, చివరికి హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. పోలీసు సిబ్బంది సస్పెండ్ అయ్యారు, హైకోర్టు తనకు తానుగా కేసు చేపట్టింది. అనుమానం ఎవరి మీదికి పోవాలి అనే చోట తప్పు జరిగితే దాని ఖరీదు ఒక ప్రాణం దాకా పోవచ్చు. శిక్షణ గురించి మాట్లాడటం అందుకే.

అదే ఏడాది ఇంకో సంగతి కూడా చూశాం. 2023 సెప్టెంబర్ 28న మిలాద్, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు వచ్చాయి. హైదరాబాద్‌లో ముందే మాట్లాడుకుని, మిలాద్ జులూస్‌ను మన పెద్దలు అక్టోబర్ 1కి మార్చారు. రెండూ సాఫీగా గడిచాయి. ముందు కూర్చొని మాట్లాడితే ఎంత పెద్ద బందోబస్తూ తేలికవుతుందని అది చూపించింది.

హైదరాబాద్‌లో పెద్ద కమిటీలు, పేరున్న ఉలమా ఉంటారు. చిల్పూర్ లాంటి మండలాల్లో అట్లా కాదు. ఊరికి కొన్ని ముస్లిం ఇళ్లే. వాళ్ల తరఫున మాట్లాడే పెద్ద కమిటీ ఉండదు. అటువంటి చోట ఆ ఊరికి వచ్చే ఒక్క కానిస్టేబుల్ మంచిగా నేర్చుకున్నవాడా కాదా అన్నదే చాలా వాటిని తేలుస్తుంది. ఎస్‌ఐ పనిని చలాన్లు, కేసులు, కెమెరాల లెక్కతోనే పైవాళ్లు కొలిస్తే, అకాడమీలో నేర్చుకున్నది ఠాణాలో ఏడాది కూడా నిలవదు. జనం సంతృప్తి కూడా ఆ ఖాతాలో జమ కావాలి.

ఇవి మీ హక్కులు

2024 జూలై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లో ఉంది. దాని ప్రకారం:

- నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. నోటితో చెప్పినా వాళ్లే రాసుకుని మీకు చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి.
- ఆన్‌లైన్‌లో ఇచ్చిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లో సంతకం చేయాలి.
- ఠాణాలో కేసు రాయకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపండి. జనగామ జిల్లా వరంగల్ పోలీసు కమిషనరేట్ కిందికి వస్తుంది కాబట్టి డీసీపీకి, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లు ఎస్పీకి. అక్కడా పని కాకపోతే మెజిస్ట్రేట్ ఉన్నారు.
- సాక్షిగా అడగాలంటే ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 దాటిన పెద్దలను ఠాణాకు రమ్మని బలవంతం చేయొద్దు. వాళ్ల ఇంటి దగ్గరే అడగాలి.
- ఇల్లు సోదా చేస్తే ఆడియో-వీడియో రికార్డు చేయాలి.
- అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు తెలపాలి, 24 గంటల లోపు మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి.

ఉర్దూ మన రాష్ట్రానికి రెండో అధికార భాష. తెలుగులో చెప్పడం కష్టమైతే ఆ మాట గుర్తు చేయండి.

మనం చేయాల్సింది

శాంతి కమిటీ మీటింగులకు పండుగకు ముందు ఇద్దరు ముగ్గురు మగ పెద్దలు పోయి, ఛాయ్ తాగి వస్తే సరిపోదు. ఆడవాళ్లను, చదువుకునే పిల్లలను కూడా తీసుకుపోండి. ఇంట్లో కొట్లాట, ఫోన్లో వేధింపు, కాలేజీ తొవ్వలో ఇబ్బంది, ఇవి వాళ్లు చెప్తేనే బయటికి వస్తాయి. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చినప్పుడు మన పిల్లలను రాయించండి. బీసీ-ఈ రిజర్వేషన్ అక్కడా వర్తిస్తుంది. ఠాణాలో మన భాష తెలిసిన ఒక మనిషి ఉండటం కూడా కమ్యూనిటీ పోలీసింగే.

వచ్చే మీటింగ్‌కు పోయేటప్పుడు ఒక కాయితం మీద మూడు ప్రశ్నలు రాసుకుని పోండి. మా ఊరి విలేజ్ పోలీస్ ఆఫీసర్ ఎవరు, సోదా లేని రోజున ఎప్పుడు వస్తారు? పోయిన మీటింగ్‌లో మేం చెప్పినవాటిలో ఏం పనైంది? ఈ ఠాణా సిబ్బందికి జనంతో మాట తీరు మీద ఆఖరుసారి శిక్షణ ఎప్పుడు ఇచ్చారు? మర్యాదగా అడగండి, జవాబు రాసుకోండి, మూడు నెలలకు మళ్లీ అడగండి.