చెల్లని కాసు కాదు

కిందటి వారం ఒక తల్లి ఫోన్ చేసి, "మా అక్క మనవరాలి రిపోర్టులో 'ఎస్.ఎమ్.ఎన్.2 మూడు కాపీలు' అని రాశారండీ. అది మంచా, చెడా?" అని అడిగారు. ఈ రోజు కబుర్లు ఆ ప్రశ్న మీదే. నేను జన్యుపరీక్షల లాబులో పని చేస్తాను. కానీ దీనితో నా పరిచయం లాబుకన్నా పాతది.

నాకు ఏడేళ్ళప్పుడు మా తమ్ముడు పుట్టాడు. నెలలు గడిచినా వాడికి మెడ నిలవలేదు. ముఖంలో నవ్వుండేది, కళ్ళలో చురుకుండేది. కాళ్ళూ చేతులూ మాత్రం వేలాడిపోయేవి. నాయనమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. వాడు ఏడాది నిండకుండానే పోయాడు. "కడుపుతో ఉండగా ఏం తిన్నావో!" అని మా అమ్మని చాలా ఏళ్ళు అన్నారు. ఆ లక్షణాలను బట్టి అది స్పైనల్ మస్క్యులర్ ఎట్రఫీ అయి ఉంటుందని నా అనుమానం. పరీక్ష జరగలేదు కనక రూఢిగా చెప్పలేను.

ఈ జబ్బులో కండరాలను కదిలించే వెన్నుపాము కణాలు చచ్చిపోతాయి. అవి బతకడానికి ఒక ప్రోటీను కావాలి. దాన్ని తయారుచేసేది అయిదో క్రోమోజోము మీద ఉన్న ఎస్.ఎమ్.ఎన్.1 అనే జన్యువు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. రెండూ లోపిస్తేనే జబ్బు. ఒక్కటి లోపించిన వాళ్ళు ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాల్లో ఒకే తాత నుంచి ఇద్దరికీ అదే లోపం రావచ్చు. బంధుత్వం లేని జంటల్లోనూ ఇది వస్తుంది.

ఆ జన్యువు పక్కనే దాని కవల ఉంది: ఎస్.ఎమ్.ఎన్.2. 1995లో పారిస్‌లో జుడిత్ మెల్కీ బృందం ఈ రెంటినీ గుర్తించింది. కవలలో కీలకమైన తేడా ఒక్క అక్షరం, 'సి' ఉండవలసిన చోట 'టి'. దానివల్ల కణం సందేశాన్ని కుట్టేటప్పుడు ఏడో ముక్కను వదిలేస్తుంది. పుస్తకం బైండు చేసేవాడు ఒక పేజీ జారవిడిచినట్టు. తయారైన ప్రోటీను నిలవదు. అందుకే చాలామంది దీన్ని మిథ్యాజన్యువు అన్నారు, అంటే చెల్లని కాసు. కానీ పదింట ఒకసారి ఏడో పేజీ సరిగ్గానే పడుతుంది! కనక అచ్చమైన మిథ్యాజన్యువు అనలేం.

ఈ కాపీలు అందరికీ ఒకే లెక్కలో ఉండవు. ఎస్.ఎమ్.ఎన్.1 లేని బిడ్డకు ఇవి ఎన్ని ఎక్కువుంటే జబ్బు అంత తేలిక. రెండే ఉంటే సాధారణంగా ఆరు నెలల లోపే బయటపడుతుంది. మూడుంటే చాలామంది కూర్చోగలుగుతారు. నాలుగుంటే నడిచే అవకాశం ఎక్కువ. ఇది గీసిన గీత కాదు, అంచనా మాత్రమే.

మరి మందు? "ఏడో ముక్కను వదిలెయ్" అని చెప్పే గుర్తును 2006లో అమెరికాలో రవీంద్ర సింగ్ బృందం కనిపెట్టింది. ఆ గుర్తును కప్పేసే మందు నుసినెర్సెన్. వెన్నులోకి ఎక్కిస్తారు. 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి ఏడాది ధర 7 లక్షల 50 వేల డాలర్లు! 2020లో నోటితో తాగించే రిస్డిప్లామ్ వచ్చింది. అదీ ఈ కవల చేతే పని చేయిస్తుంది. భారతదేశంలో దాని సీసా ధర సుమారు 6 లక్షల రూపాయలుండేది. పేటెంటు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక, 2025 అక్టోబరులో మన హైదరాబాదు నాట్కో సీసా 15,900 రూపాయలకు తెచ్చింది.

చచ్చిన కణాలను ఏ మందూ బతికించలేదు. కనక తొందరే ముఖ్యం. అమెరికాలో ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టగానే ఈ పరీక్ష చేస్తున్నారు. ఇండియాలో ప్రతి బిడ్డకూ చెయ్యరు. అక్కడి మీ వాళ్ళింట్లో ఇలాంటి బిడ్డ పోయి ఉంటే, గర్భం రాకముందే దంపతులిద్దరూ పరీక్ష చేయించుకోమని చెప్పండి.

ఫోన్ చేసిన అమ్మగారికి నా జవాబు: మూడు కాపీలు కొంత ఊరటే, కానీ ఆగవద్దు. ఈ వారమే నరాల డాక్టరుకు చూపించండి.

ఇదంతా మా అమ్మకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను తిన్నదాని వల్ల కాదన్నమాట" అంది.

సెలవు.