బంకమట్టి చేతికి ఏం నేర్పుతుంది?

బంకమట్టి ఎలా వంచితే అలా వంగుతుంది. ఇసుక రాలిపోతుంది. ఎందుకు?

బంకమట్టి రేణువులు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నవి, పలకల్లా చదునైనవి. వాటి మధ్య చేరిన పలుచని నీటి పొర వల్ల ఒకదానిమీద ఒకటి జారతాయి గానీ విడిపోవు.

మరి మట్టి పిసికితే మనకేం లాభం?

పిసికేటప్పుడు అరచేయి, మణికట్టు, వేళ్లు అన్నీ పనిచేస్తాయి. చిటికెడు మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి ఏనుగు చెవి చేసి చూడండి. పెన్సిల్ పట్టుకోవడానికీ, గుండీలు పెట్టుకోవడానికీ కావలసిన పట్టు అదే.

బుర్రకూ పనే. కాగితం మీద ఏనుగును ఒక పక్కనుంచి గీస్తే సరిపోతుంది. మట్టితో చేయాలంటే వెనకవైపు, పొట్ట కింద కూడా ఊహించుకోవాలి. కాళ్లు సన్నగా పెడితే బరువుకు కూలబడుతుంది. అప్పుడు ముద్ద చేసి మళ్లీ మొదలుపెట్టడమే!

తొండం ఊడిపోతోందా?

అతికించే రెండు చోట్లా పుల్లతో గీతలు గీసి, నీళ్లలో జారుగా కలిపిన మట్టి రాసి అదమండి. నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పైభాగం ముందే ఆరి కుంచించుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. అందుకే పగుళ్లొస్తాయి.

ఆరిన బొమ్మ నీళ్లలో ఎందుకు కరుగుతుంది?

రేణువుల మధ్య నీరు మరీ ఎక్కువగా చేరితే అవి విడిపోతాయి. వినాయక చవితి మట్టి విగ్రహం కరిగేది ఇలాగే. కుమ్మరి ఆవంలో కాలిస్తే మాత్రం రేణువుల్లో ఇమిడి ఉన్న నీరు కూడా పోయి, మట్టి గుణమే మారిపోతుంది. ఇక కరగదు. అందుకే కుండలో నీళ్లు పోసుకోగలుగుతున్నాం.